పెయింట్‌బాల్ ట్యాంక్ అవుట్‌పుట్ ప్రెషర్ తగ్గిస్తే బంతి వేగం అదుపులోకి వస్తుందా?

మీ దగ్గర 3000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల పీడనం) అల్యూమినియం ట్యాంక్ ఉంది, దాని రెగ్యులేటర్, అంటే పీడనాన్ని తగ్గించి పంపే భాగం, 850 పీఎస్‌ఐ దగ్గర గాలిని వదులుతోంది, మార్కర్ (పెయింట్‌బాల్ తుపాకీ) ఏమో సొంత రెగ్యులేటర్ లేని మెకానికల్ బ్లోబ్యాక్ రకం. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ మీద బంతి వేగం సెకనుకు 310 అడుగులు వస్తోంది కాబట్టి, ట్యాంక్ అవుట్‌పుట్‌ను 500కి దించి ఆ వేగాన్ని 280కి తేవచ్చా, అందుకు రెగ్యులేటర్ లోపలి షిమ్‌లు (పలుచని లోహపు బిళ్లలు) ఎలా మార్చాలి అని అడిగారు. ట్యాంక్ అవుట్‌పుట్‌ను దించడం సాధ్యమే, కానీ మీ మార్కర్‌కు ఆ పని చేయకూడదు. నేను ఇదే ఉద్దేశంతో ఇదే పని చేసి ఆ రోజంతా ఆట పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మార్కర్ కూడా మీలాంటిదే. ట్యాంక్ రెగ్యులేటర్‌లో స్ప్రింగులు మార్చి అవుట్‌పుట్‌ను 450 దగ్గరకు దించాను. క్రోనోగ్రాఫ్ ముందు ఒక్కొక్క బంతి కాల్చినప్పుడు వేగం నిజంగానే తగ్గింది, నేను సంతోషించాను. ఆటలో గబగబా కాల్చడం మొదలుపెట్టిన వెంటనే ఒకసారి ట్రిగ్గర్ నొక్కితే మార్కర్ తనంతట తానే టకటకా నాలుగైదు సార్లు కొట్టుకుంది. బ్లోబ్యాక్ మార్కర్‌లో గాలికి రెండు పనులు ఉంటాయి: బంతిని ముందుకు నెట్టడం, బరువైన హ్యామర్‌ను స్ప్రింగు బలానికి ఎదురుగా వెనక్కి తోసి సియర్ అనే కొక్కెం మీద కూర్చోబెట్టడం. పీడనం చాలకపోతే హ్యామర్ కొక్కెం దాకా వెళ్లకుండా మధ్యలోంచే ముందుకు వచ్చి, గాలిని వదిలే వాల్వ్‌ను మళ్లీ కొడుతుంది. ట్యాంక్ ఖాళీ అయ్యే వేళ ఇలాంటి మార్కర్లు అదుపు తప్పి కొట్టుకోవడానికి కారణం కూడా ఇదే. అంటే నిండు ట్యాంక్‌తోనే నేను ఖాళీ ట్యాంక్ పరిస్థితిని చేతులారా తెచ్చుకున్నాను. కాల్చడం ఆగిందనుకుని ఎదుటివారు తల పైకెత్తే క్షణంలో మార్కర్ మరో రెండు బంతులు వదలడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

మీరు తిప్పవలసింది మార్కర్ మీదే ఉన్న వెలాసిటీ స్క్రూను. అది బంతి వెనక్కి వెళ్లే గాలి దారిని ఇరుకు చేయడమో, మోడల్‌ను బట్టి హ్యామర్ స్ప్రింగు బిగువును మార్చడమో చేస్తుంది. ఏ వైపు తిప్పితే వేగం తగ్గుతుందన్నది అన్ని మార్కర్లకూ ఒకటి కాదు కాబట్టి మాన్యువల్ చూసుకోండి. పావు చుట్టు తిప్పి, నాలుగైదు బంతులు కాల్చి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన అంకెను పట్టించుకోండి, సగటును కాదు. సెకనుకు 300 అడుగులు సాధారణంగా గరిష్ఠ పరిమితి, చాలా మైదానాల్లో 280 దగ్గరే ఆపమంటారు.

ట్యాంక్ అవుట్‌పుట్ మార్చడం అర్థవంతంగా ఉండేది సొంత రెగ్యులేటర్ ఉన్న ఎలక్ట్రానిక్ మార్కర్లకు. వాటిలో చాలావాటి లోపలి పీడనం 200 పీఎస్‌ఐకి అటూ ఇటూ ఉంటుంది కాబట్టి, 850 బదులు 450 లేదా 300 దగ్గర గాలి అందితే మార్కర్ రెగ్యులేటర్‌కు శ్రమ తగ్గుతుంది, వేగంలో ఎగుడుదిగుడులు తగ్గుతాయి. అయితే అవుట్‌పుట్ తగ్గిస్తే ఒక్కో ట్యాంక్‌కు ఎక్కువ షాట్లు వస్తాయనే మాట మాత్రం నిజం కాదు. ట్యాంక్ 850 కన్నా కిందికి దిగిన తరువాత రెగ్యులేటర్ తెరుచుకునే ఉండి, మిగిలిన గాలిని ఉన్న పీడనంతోనే పంపిస్తుంది. మార్కర్‌కు 200 సరిపోయినప్పుడు ఆ గాలి రెండు సందర్భాల్లోనూ ఒకేలా ఉపయోగపడుతుంది.

ఇక షిమ్‌ల విషయం. ట్యాంక్ రెగ్యులేటర్‌లో మార్కర్‌కు బిగించే పైభాగాన్ని బానెట్ అంటారు. దాని లోపల ఒక పిస్టన్, పిస్టన్‌ను తెరిచి ఉంచే స్ప్రింగులు ఉంటాయి. ఆ స్ప్రింగులు చాలా రెగ్యులేటర్లలో గిన్నెలా వంగిన చిన్న స్టీల్ వాషర్లు. అవుట్‌పుట్ వైపు పీడనం పెరిగి పిస్టన్ తల మీద స్ప్రింగు బలాన్ని మించి నొక్కగానే పిస్టన్ కొన వెళ్లి సీటు (గాలి దారిని మూయడానికి కొన ఆనే చిన్న బిళ్ల) మీద మూసుకుంటుంది. కాబట్టి స్ప్రింగుల దగ్గర పలుచని షిమ్ ఒకటి చేరిస్తే వాటి ముందస్తు బిగువు పెరిగి అవుట్‌పుట్ పెరుగుతుంది, తీసేస్తే తగ్గుతుంది. వాషర్ల వరుసను మాత్రం ఫొటో తీసుకోకుండా విప్పకండి. రెండు వాషర్లు ఒకే వైపు ఒదిగితే బిగువు రెట్టింపవుతుంది, ఎదురెదురుగా ఉంటే మెత్తబడతాయి. ఒక్క వాషర్ తిరగబడినా మీరు అనుకున్న అంకె రాదు.

ట్యాంక్ మీద ఉన్న చిన్న గేజ్ లోపల ఎంత గాలి మిగిలిందో చెబుతుంది, అవుట్‌పుట్‌ను చెప్పదు. అవుట్‌పుట్ తెలియాలంటే ట్యాంక్ మరకు సరిపోయే టెస్ట్ గేజ్ బిగించాలి. నాకు అసలు పాఠం అక్కడే అందింది. స్ప్రింగులన్నీ యథాస్థానంలో పెట్టాక కూడా, కాసేపు ఆగి కాల్చిన మొదటి బంతి 305, తరువాతివి 280 వచ్చేవి. టెస్ట్ గేజ్ బిగించి గడియారం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ముల్లు 840 దగ్గర ఆగింది, కానీ కదలకుండా ఉండలేదు. వెంట్రుకవాసి చొప్పున పైకి పాకుతూ పది నిమిషాల్లో 950 దాటింది. దీన్ని క్రీప్ అంటారు, అంటే సీటు అరిగి పిస్టన్ పూర్తిగా మూయలేకపోతోందన్నమాట. సీటును తీసి వెలుతురులో చూస్తే దాని మీద గోటితో నొక్కినట్టు గుండ్రని గాడి, ఆ గాడికి అడ్డంగా సన్నని గీత కనిపించాయి. కొత్త సీటు, పిస్టన్‌కు కొత్త ఓ-రింగులు వేశాక ముల్లు 830 దగ్గర నిలిచిపోయింది. మీ 310 కూడా కాసేపు ఆగాక కాల్చిన మొదటి బంతికే వస్తోందా, వరుసగా కాల్చినప్పుడూ వస్తోందా అన్నది ముందు గమనించండి. మొదటిదానికే అయితే స్క్రూ తిప్పి లాభం లేదు, సీటు మార్చాలి.

బానెట్ విప్పవలసి వస్తే ట్యాంక్ పూర్తిగా ఖాళీ అయి ఉండాలి. గేజ్ ముల్లు సున్నా దగ్గర ఇరుక్కుపోయి ఉండవచ్చు కాబట్టి సున్నా కనిపించడం చాలదు, బానెట్ మధ్యనున్న పిన్నును నొక్కినప్పుడు చిన్న శబ్దం కూడా రాకూడదు. సీసా మెడకు బిగించిన రెగ్యులేటర్ అడుగుభాగాన్ని ఇంట్లో ఎప్పుడూ కదిలించకండి, అది సరైన పరికరాలున్న సర్వీసు చేసేవారి పని. మార్కర్ నుంచి ట్యాంక్‌ను విప్పేటప్పుడు పొరపాటున ఆ అడుగుభాగమో బానెటో తిరిగిపోయే అవకాశం ఉంది కాబట్టి, నేను సీసా మెడ నుంచి బానెట్ దాకా పెయింట్‌తో నిలువుగా ఒక గీత గీసి ఉంచాను. విప్పుతుంటే ఆ గీత ఎక్కడ తెగినట్టు కనిపించినా అక్కడే ఆపేస్తాను. అవుట్‌పుట్ వైపు సాధారణంగా ఉండే 1800 పీఎస్‌ఐ బరస్ట్ డిస్క్ (పీడనం మితిమీరితే పగిలి గాలిని బయటికి వదిలే రక్షణ బిళ్ల) పగిలితే దాని స్థానంలో అదే విలువ గల డిస్క్ వేయాలి, అంతకన్నా గట్టిది వేయకూడదు. పిస్టన్ ఓ-రింగులకు రెగ్యులేటర్ తయారీదారు చెప్పిన గ్రీజు మాత్రమే వాడండి. పెట్రోలియం నూనె చుక్క అధిక పీడనపు గాలిలో అంటుకోగలదు, గాలి నింపే నిపుల్ దగ్గర మరీ ముఖ్యంగా.

మీరు ముందుగా స్క్రూను పావు చుట్టు తిప్పి ఐదు బంతులు, పది నిమిషాలు ఆగి మరో ఐదు బంతులు కాల్చి, ఆ పది అంకెలూ వరుస తప్పకుండా ఇక్కడ రాయండి. తప్పు స్క్రూదో సీటుదో వాటిని చూసి చెబుతాను.