గదిలో పెట్టి తాళం వేస్తే తాగుడు మానదు

ప్రశ్న: మాది నిజామాబాద్ దగ్గర ఒక ఊరు. మా తమ్ముడికి 23 ఏళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ మానేశాడు. మొదట దోస్తులతో కల్లు, తర్వాత మందు. ఏడాదిగా పొద్దున లేవగానే మొదలుపెడుతున్నాడు. రోజుకు మూడు క్వార్టర్ల దాకా తాగుతాడు. నిద్ర పట్టట్లేదని అల్ప్రజోలం మాత్రలు కూడా వేసుకుంటున్నాడు. పోయిన నెల మా బాపు కోపంతో వాణ్ని గదిలో పెట్టి తాళం వేశాడు. రెండో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. భయపడిపోయి, వాడు కాస్త తేరుకోగానే మేమే మందు తెచ్చి తాగించాం. అది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. మా మామగారు ఎవరి దగ్గరో ఒక పొడి తెచ్చి, వాడికి తెలియకుండా కూరలో కలపమంటున్నారు. ఆస్పత్రిలో డిటాక్స్ చేయించమని ఇంకొకరు చెప్పారు. అంటే ఏం చేస్తారు? కరెంటు షాక్ ఇస్తారా? పోలీసు కేసు అవుతుందా? వాడేమో ‘నాకేం కాలేదు’ అంటాడు. – ఒక అక్క

జవాబు: ముందు ఆ పొడి సంగతి చెబుతాను. దాన్ని ఈరోజే వంటింట్లోంచి తీసేయండి. అందులో ఏం కలిపారో మీ మామగారికీ తెలియదు, మీకూ తెలియదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఒకటుంది. ఆ పొడిలో అలాంటిదే ఉండి, దానిమీద మీ తమ్ముడు తాగితే మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే డాక్టర్లు దాన్ని రోగికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాకే ఇస్తారు. ఇంకో మాట. కూరలో ఏదో కలిపారని వాడికి తెలిసిన రోజున మీ చేతి అన్నం ముట్టడు. రేపు మీరు ఆస్పత్రికి రమ్మంటే వాడు నమ్మి రావాలి కదా. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోకండి.

మళ్లీ తాగించినందుకు సిగ్గుపడుతున్నారు. పడకండి. మీ కళ్ల ముందు వాడు కొట్టుకుంటుంటే మీకు తోచింది చేశారు. అయితే అక్కడ ఏం జరిగిందో మీ ఇంట్లో అందరికీ తెలియాలి, ముఖ్యంగా మీ బాపుకు.

మందూ, అల్ప్రజోలమూ రెండూ మెదడును మందగింపజేసేవే. రోజూ ఆ మత్తు కిందే పనిచేయాల్సి వచ్చేసరికి మెదడు దానికి ఎదురు నెట్టడం అలవాటు చేసుకుంటుంది. ఒక తలుపును మీరు ఇటు నుంచి, ఇంకొకరు అటు నుంచి బలంగా నెడుతున్నారనుకోండి. అటువాళ్లు ఒక్కసారిగా తప్పుకుంటే మీరు ముందుకు బోర్లా పడతారు. మత్తు ఉన్నట్టుండి ఆగిపోతే మెదడుకు జరిగేది అదే. మీ తమ్ముడికి వచ్చిన ఫిట్స్ వాడి మొండితనం కాదు, నటన కాదు. బలహీనత అంతకన్నా కాదు.

మీ జిల్లావాళ్లకు ఇది కొత్త కూడా కాదు. 2015లో ఎక్సైజ్ వాళ్లు కల్తీ కల్లును ఒక్కసారిగా ఆపేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వైపు ఎంతోమంది వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. ఆ కల్లులో అల్ప్రజోలం లాంటివి కలిపేవారు. మీ తమ్ముడికి ఆ అలవాటు కల్లు దగ్గరే మొదలై ఉండొచ్చు. డాక్టర్‌కు మందు గురించే కాకుండా కల్లు సంగతి కూడా తప్పకుండా చెప్పండి.

రోజూ ఇంత తాగేవాళ్లు ఆపేస్తే ఆరు నుంచి పన్నెండు గంటల్లోపే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది. ఫిట్స్ ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి. అసలు భయపడాల్సింది ఆ తర్వాత. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి చెదిరిపోతుంది. నేను వార్డులో పనిచేసిన రోజుల్లో ఒక కుర్రాడు మంచం మీద కూర్చుని, దుప్పటి మీద చీమల్ని ఒక్కొక్కటిగా ఏరి తల్లి అరచేతిలో పోస్తున్నాడు. అక్కడ చీమలు లేవు. ఆ తల్లి చెయ్యి వెనక్కి తీసుకోకుండా అలాగే పట్టుకుని కూర్చుంది. సమయానికి తెచ్చారు కాబట్టి నాలుగు రోజుల్లో వాడు ఆమెను ‘అమ్మా, టీ’ అని అడిగాడు. ఆ స్థితిలో ఇంట్లో తాళం వేసి ఉంచితే ప్రాణం పోవచ్చు. ఒకసారి ఫిట్స్ వచ్చినవాళ్లకు మరోసారి ఆపినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మీ తమ్ముడి విషయంలో ఇంట్లో మాన్పించే ప్రయత్నం ఇక వద్దే వద్దు.

ఆస్పత్రికి తీసుకెళ్లేదాకా మందును గానీ మాత్రల్ని గానీ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపించకండి. అలాగని నెలలు గడపమని కాదు, ఈ వారంలోనే డాక్టర్‌ను కలవండి. ఈలోగా మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం, నోట్లో నీళ్లో మందో పోయడం ఏదీ చేయొద్దు. 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ ఆగినా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఇక డిటాక్స్ అంటే. షాక్ ఇవ్వరు, డిటాక్స్‌లో దానికి చోటే లేదు. ఒంట్లోంచి మత్తు దిగేటప్పుడు మెదడు బోర్లా పడకుండా పట్టుకోవడమే డిటాక్స్. చేరిన రోజు ఎంత తాగుతాడు, చివరగా ఎప్పుడు తాగాడు, ఏ మాత్రలు ఎన్ని అని అడుగుతారు. దాచకండి, మోతాదు మీరు చెప్పేదాన్ని బట్టే వేస్తారు. లివర్, షుగర్, ఒంట్లో లవణాలు చూడటానికి రక్తం తీస్తారు. థయమిన్ అనే బీ1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. బాగా తాగేవాళ్లలో అది తక్కువగా ఉంటుంది, అలా వదిలేస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినొచ్చు. ఇంటి దగ్గర నీరసంగా ఉన్నాడని ముందే గ్లూకోజ్ ఎక్కించకూడదనేది కూడా ఇందుకే, థయమిన్ ముందు పడాలి. తర్వాత క్లోర్‌డయాజిపాక్సైడ్, లోరాజిపామ్ లాంటి మందుతో వణుకును అదుపులో పెట్టి, రోజురోజుకూ మోతాదు తగ్గిస్తారు. నర్సు రోజుకు ఎన్నోసార్లు వచ్చి ‘చేతులు చాపు, వేళ్లు విడదీయి’ అంటుంది. ఆ వణుకు చూసే మందు సరిపోతోందో లేదో తెలుసుకుంటారు. మద్యం వరకైతే మామూలుగా వారం, పది రోజుల్లో ఈ దశ అయిపోతుంది. అల్ప్రజోలం మాత్రం తొందరగా వదలదు. దాన్ని నెమ్మదిగా, ఒక్కోసారి వారాల తరబడి తగ్గించాల్సి వస్తుంది. పది రోజుల్లో ఇంటికి పంపలేదేమిటని బాపు డాక్టర్‌తో గొడవపడకుండా ఇది ముందే చెప్పి ఉంచండి.

ఎక్కడికి వెళ్లాలంటే, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగాన్ని అడగండి. హైదరాబాద్ వెళ్లగలిగితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉంది. దారి తెలియకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు ఉండవు. ప్రైవేటు సెంటర్ అనుకుంటే ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: రాత్రి రెండు గంటలకు ఫిట్స్ వస్తే చూసే డాక్టర్ ఎవరు? దానికి సరైన జవాబు రాకపోతే వెనక్కి వచ్చేయండి. వ్యాన్ పంపి ఎత్తుకొస్తాం, మూడు నెలలు చూడటానికి రావద్దు అనే చోటికి అసలే వద్దు. కట్టేసి, కొట్టి పంపిన చోటు నుంచి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. వాళ్లు తాగుడుకన్నా ముందు ఇంటివాళ్లను మానేస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే జబ్బులకూ వర్తిస్తుంది. గొలుసులతో కట్టేయడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది.

వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. మందు తాగే మనిషి వైద్యానికి వస్తే కేసేముంటుంది? మత్తుమందులు వాడేవాళ్లు తమంతట తాము చికిత్సకు వస్తే, వాడకానికీ కొద్దిపాటి మోతాదుకూ సంబంధించిన కేసుల నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ మత్తుమందుల చట్టంలో ఉంది. పోలీసుల భయంతో ఆగిపోకండి.

‘నాకేం కాలేదు’ అంటున్నాడన్నారు. ఆ మాట వెనక భయం ఉంటుంది. గదిలో గడిపిన ఆ రెండు రోజులు వాడికీ గుర్తుంటాయి. తాగి ఉన్నప్పుడు మాట్లాడకండి, నలుగురి ముందు అసలే వద్దు. పొద్దున గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు చూడండి, ఆ వేళ పక్కన కూర్చోండి. ‘ఇజ్జత్ తీశావు’ అనే మాట ఎత్తకుండా, ‘ఆ రోజు నీ తల నా ఒళ్లో పెట్టుకున్నరా. మళ్లీ అట్ల చూడలేను. వణుకు రాకుండ మందులిస్తరట. నేనుంట నీ దగ్గర’ అనండి. జీవితాంతం మానెయ్ అని అడగొద్దు, ఒక్క వారం ఆస్పత్రిలో ఉండమని అడగండి. చాలామంది ఆ వారానికి ఒప్పుకుంటారు. ఎంతకీ ఒప్పుకోక, ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి ఉంటే, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు చేర్చుకునే వీలు చట్టంలో ఉంది. అది చివరి దారి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. డిటాక్స్‌తో ఒంట్లో మత్తు దిగుతుంది, తాగాలన్న కోరిక పోదు. డిశ్చార్జ్ అయిన రోజే ‘మావాడు మారిపోయాడు’ అని చుట్టాలకు ఫోన్లు చేసి, పదిహేను రోజులకు మళ్లీ తాగితే కుప్పకూలిపోయే కుటుంబాలు ఎన్నో. కోరికను తగ్గించే మందులు, కౌన్సెలింగ్, నెలల తరబడి ఫాలో అప్ అసలు చికిత్స. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఉచితం, వాటికీ వెళ్లమనండి. మళ్లీ తాగితే చికిత్స ఓడిపోయిందని కాదు, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. కొన్నాళ్లు మానేశాక ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి ఉండదు. మందు మీద మాత్రలు వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. ఈ సంగతి మీ తమ్ముడికి డాక్టర్ చేతే చెప్పించండి.

మీ బాపును కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి. తాళం వేసింది ఆయనే కాబట్టి కొడుకు మంచం దగ్గరికి రావడానికి ఆయనకే ఎక్కువ కష్టంగా ఉంటుంది. ఏదైనా పని చెప్పండి, రాత్రి పడుకోవడమో, పొద్దున టిఫిన్ తేవడమో. వెళ్లేటప్పుడు తమ్ముడు వాడే మాత్రల ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్‌లో వేసుకోండి. వంటింట్లోంచి తీసేసిన ఆ పొడి పొట్లం కూడా అందులోనే పెట్టండి, డాక్టర్‌కు చూపించాలి.