మాల తీశాక మీటింగుకి ఎలా వెళ్ళాలంటే

తమ్ముడూ,

నీ మెసేజ్ చూశాను. తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగుకి వెళ్ళాలనే ఉంది గానీ, గాజువాకలో తెలిసినవాడెవడైనా చూస్తే తెల్లారేసరికి ప్లాంటంతా పాకిపోతుందని నీ టెన్షన్. అలాంటప్పుడు మొదట్లో గాజువాకలో వెతక్కు. సిటీలో ఎక్కడ దొరికితే అక్కడికి బస్సెక్కి వచ్చెయ్. అక్కడ నిన్ను చూసేవాడు కూడా అదే పనిమీద వచ్చినవాడే. ఎవరొచ్చారో, ఏం చెప్పారో బయట మాట్లాడకూడదన్నది ఏఏలో అందరూ పాటించే పద్ధతి.

గ్రూపులు ఎక్కడున్నాయో ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళ ఇండియా వెబ్‌సైటులో చూడు, లేదా అక్కడున్న హెల్ప్‌లైనుకి ఫోన్ చెయ్యి. ఫోన్ చేసినప్పుడు మూడు సంగతులు అడుగు: ఈ వారం మీటింగ్ ఉందా, అది ఓపెనా క్లోజ్డా, తెలుగులో మాట్లాడతారా. ఓపెన్ అయితే ఇంట్లోవాళ్ళు కూడా కూర్చోవచ్చు. క్లోజ్డ్ అయితే మానాలనుకునే వాళ్ళకే. హాలు మారిపోయి గేటుకి తాళం కనబడితే నువ్వు అటు నుంచి అటే వైన్ షాపుకి పోతావని నాకు తెలుసు, అందుకే ముందు ఫోన్ చెయ్యమంటున్నాను. ఇదంతా తలనొప్పి అనుకుంటే తాగుడు మానాలనుకునేవాళ్ళకి ప్రభుత్వం వాళ్ళ హెల్ప్‌లైన్ 14446 ఉంది, డబ్బులు పడవు.

అన్నట్టు, పొద్దున్నే ఒక పెగ్గు పడకపోతే చేతులు వణుకుతున్నాయా? అలా ఉంటే ముందు డాక్టరు, తర్వాతే మీటింగ్. రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనిపోనివి కనబడటం, మతి తప్పడం కూడా జరగొచ్చు, ప్రాణం మీదకి వస్తుంది. చినవాల్తేరు మెంటల్ హాస్పిటల్ ఓపీకి వెళ్ళు. పేరు చూసి వెనక్కి తగ్గకు. ఇంట్లో ఉండగా ఫిట్స్ వస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా 108కి ఫోన్ చెయ్యమని చెప్పి ఉంచు.

ఇక అసలు విషయం. 'అన్నా, మాల వేసుకుంటే 41 రోజులు చుక్క ముట్టను, నాకు కంట్రోల్ ఉంది, మీటింగులెందుకు' అని పోయినసారి అన్నావు. మరి ఇరుముడి దించి ఇంటికొచ్చిన వారంలోనే ఎందుకు మొదలైంది? ఆ మండలం రోజులు ఎలా గడిచాయో ఒకసారి గుర్తు తెచ్చుకో. తెల్లారుజామున చన్నీళ్ళు, సాయంత్రం పీఠం దగ్గర భజన, పక్కన పదిమంది స్వాములు, ఒకరోజు రాకపోతే 'ఏం స్వామీ, ఒంట్లో బాగోలేదా' అని ఫోన్ చేసే గురుస్వామి. నీ నిష్ఠని నేను తక్కువ చెయ్యను గానీ, సగం బరువు వాళ్ళే మోశారు. మాల తీసిన మర్నాటి నుంచి సాయంత్రం ఏడింటికి నీకోసం ఎదురుచూసే మనిషి లేడు, ఆ టైముకి బారు తెరిచే ఉంది. మీటింగ్ ఆ ఏడింటికి ఒక చోటు ఇస్తుంది. 1935లో అమెరికాలో ఏఏ పుట్టిందే అలాగ, షేర్ మార్కెట్లో పనిచేసే ఒకాయనా, ఒక సర్జనూ, ఇద్దరూ తాగుడుతో మునిగినవాళ్ళే, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ నిలదొక్కుకున్నారు.

వెళ్ళాక పెద్ద తతంగమేం ఉండదు. ప్లాస్టిక్ కుర్చీలు, గంటో గంటన్నరో. ఒక్కొక్కరు పేరు చెప్పి తమ సంగతి చెప్పుకుంటారు, మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. నువ్వు పేరు ఒక్కటి చెప్పి 'ఈరోజు వింటాను' అంటే చాలు. ఫీజు లేదు. డబ్బులు వేసే సంచి తిరిగితే పక్కవాడికి అందించు, కొత్తవాడి దగ్గర ఎవరూ ఆశించరు. చర్చి హాల్లో పెట్టారని ముఖం చిట్లించకు, అద్దె తక్కువని పెడతారు. దేవుడి మాట వస్తుంది, నిజమే. నువ్వు సింహాద్రి అప్పన్ననే తలుచుకో, ఎవరూ కాదనరు.

టీ ఇచ్చేవాడు నీ గ్లాసులో సగమే పోస్తే పిసినారి అనుకోకు. కొత్తవాళ్ళ చేతులు వణుకుతాయి, నిండా పోస్తే ఒలుకుతుంది, నలుగురిలో చిన్నతనంగా ఉంటుంది. ఇది ఆ పోసేవాడికి తెలుసు.

మీటింగ్ అవ్వగానే హెల్మెట్ పెట్టుకుని పారిపోవద్దు. నాకైతే మీటింగ్ కన్నా ఆ తర్వాత గేటు దగ్గర నిలబడి మాట్లాడే పావుగంటే గొప్ప. ఇద్దరి నంబర్లు తీసుకో, తాగాలనిపించినప్పుడు చెయ్యాల్సింది వాళ్ళకే. తాగేశాక చేస్తే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? మొదటి గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపుకి వెళ్ళు. ఒక్కో చోట ఒకాయనే అరగంట ఊదరగొడతాడు, అది చూసి అందరూ ఇంతే అనుకోకు. స్లిప్ అయినా, అంటే మధ్యలో మళ్ళీ తాగినా రా, కాకపోతే తాగి ఉన్నప్పుడు మాట్లాడకుండా వెనక కూర్చో. సి షిఫ్ట్, అదే నైట్ డ్యూటీ, పడిన వారం సాయంత్రం వెళ్ళి అటునుంచే డ్యూటీకి పోవచ్చు, ఆ సాకు నాకు చెప్పకు.

మరదలికి కూడా ఒక మాట. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసం ఆల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, తన కోసం అడిగి చూడమను. ఎవరో చెప్పారని మందు మానిపించే పొడి తెచ్చి పప్పులోనో సాంబారులోనో నీకు తెలియకుండా కలపొద్దని గట్టిగా చెప్పు. అందులో ఏముందో ఎవడికీ తెలియదు. మందుతో కలిస్తే వికటించే డైసల్ఫిరామ్ లాంటిది ఉంటే, ఆ సంగతి తెలియక నువ్వు ఒక క్వార్టర్ వేశావంటే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, మనిషే దక్కకపోవచ్చు. డాక్టరు రాస్తే, నీకు తెలిసి, నువ్వు ఒప్పుకుని వేసుకోవాల్సిన మాత్ర అది. ఈ ఒక్క ముక్కా తనకి నువ్వే చదివి వినిపించు.