ఏ ఫొటో ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రశ్న: కొండపల్లి బొమ్మల కళాకారుల ఫొటోలు చాలా తీశాను. గాంధీనగర్ ఎన్.ఐ.డి. (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్)లో ఫొటోగ్రఫీ డిజైన్ పీజీ కోసం పోర్ట్‌ఫోలియో సిద్ధం చేస్తున్నాను. అన్నీ బాగున్నట్టే అనిపిస్తున్నాయి. ఎలా ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అన్నిటినీ చిన్న సైజులో ప్రింట్ వేయించి నేలమీద పరచండమ్మా. ఫోనులో విడివిడిగా చూస్తే ప్రతిదీ గొప్పగానే ఉంటుంది. పక్కపక్కన పెడితేనే ఒకే మాట చెబుతున్నవి బయటపడతాయి.

మీరు పంపిన వాటిలో రంగులద్దిన దశావతారాలే ఎక్కువ. చూడముచ్చటగా ఉన్నాయి, కానీ ఆ అందం బొమ్మ చేసినవారిది. ఒకటి చాలు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అంబారీ ఏనుగుకు తొండం అతికిస్తున్న చేతుల ఫొటోను మాత్రం వదులుకోకండి. గోళ్ల సందుల్లో ఆ ముద్ద ఎండి పగుళ్లు తేలింది, ఒళ్లో తెల్లపొణికి చెక్క పేళ్లు. అది పూర్తిగా మీరు చూసిన దృశ్యం. కాస్త మసకగా ఉన్నా దానితోనే మొదలుపెట్టండి.

ఎండలో ఎంతసేపు నిలబడి తీశారన్నది లెక్కలోకి తీసుకోవద్దు. ఆ శ్రమ చూసేవారికి కనిపించదు. చివరి ఫొటో కూడా బలంగా ఉండాలి. సంస్థ అడిగిన సంఖ్యకు మించి ఒక్కటి కూడా పంపకండి.