ఉపకారవేతనాల బాధ్యత చేపట్టిన యువ అధ్యాపకునికి

చిరంజీవికి ఆశీస్సులు.

సైన్సు, గణిత తరగతుల్లో అరుదుగా కనిపించే వర్గాల విద్యార్థుల కోసం మీ కళాశాల నెలకొల్పిన ఉపకారవేతనాల బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. దరఖాస్తులు ఆహ్వానించే ముందే ఒక విషయం నిశ్చయించుకో. ఈ సొమ్ము ఫీజు కట్టడంతో సరిపోకూడదు, విద్యార్థికి చదువుకునే తీరిక కూడా కల్పించాలి. సాయంత్రమంతా పనిచేసి, పొద్దుపోయాక పుస్తకం తెరిచేవారికి ఫీజు మాఫీ అయినా పాఠాలు అందవు.

ఆ తీరికను ఒంటరి చదువుకు వదిలేయకు. 1970లలో అమెరికాలో, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గణిత బోధకుడు యూరీ ట్రైస్మన్, కాలిక్యులస్‌లో (కలన గణితంలో) నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో తెలుసుకోవడానికి వాళ్లు చదువుకునే తీరును దగ్గరుండి పరిశీలించాడు. పట్టుదలకు గానీ, ఇంటివారి ప్రోత్సాహానికి గానీ కొదవ లేదు. వాళ్లు ఎవరికి వారే లెక్కలతో కుస్తీ పడుతుంటే, అదే తరగతిలోని చైనా సంతతివారు ఒకచోట చేరి ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆ తర్వాత ఆయన నడిపిన బృంద తరగతుల్లో ఇచ్చినవి తేలిక లెక్కలు కావు, మామూలు తరగతికన్నా కఠినమైనవి. చాలా కళాశాలలు ఈ సంగతే విస్మరించి, సాయం పేరుతో పాత పాఠాలనే మళ్లీ వల్లె వేయిస్తాయి. తెలివైన విద్యార్థికి అంతకు మించిన అవమానం లేదని నా అభిప్రాయం.

కనుక వారానికి రెండుసార్లయినా నీ విద్యార్థులను ఒక బోర్డు ముందు కూర్చోబెట్టు. లెక్క చేసినవాడు చివరిదాకా వివరించనీ. మూడో మెట్టు ఎలా వచ్చిందని పక్కవాడు నిలదీసినప్పుడు, జవాబు నీకు తెలిసినా పెదవి విప్పకు. తడబడినా, ఆ దారి వాళ్లే వెతుక్కోవాలి.

ఒక్కొక్కరిని విడిగా కాక, జట్టుగా ఎంపిక చేయి. బాల్టిమోర్ కౌంటీలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1988లో ఏర్పడిన మేయర్‌హాఫ్ ఉపకారవేతన పథకం తొలి జట్టులో 19 మంది ఉన్నారు. అక్కడ తరగతులు మొదలయ్యే ముందు వేసవిలోనే కొత్తవారంతా కలిసి ఉండి చదువుకుంటారు.

ఫీజు గడువుకు ముందే సొమ్ము చేతికందాలి. ఒక్క సెమిస్టరులో మార్కులు తగ్గాయని వేతనం ఆపే నిబంధన మాత్రం పెట్టవద్దు. సాయం ఎక్కువగా కావలసింది అప్పుడే. మొదటి పరీక్ష ఫలితాలు వచ్చిన వారంలోనే ప్రతి ఒక్కరినీ విడిగా పిలిచి మాట్లాడు.

నిబంధనల ముసాయిదా సిద్ధమయ్యాక నాకు పంపు. చదివి వెంటనే జవాబు రాస్తాను.