పాఠకులు అడిగారు: ఎర్రగడ్డి, నాగలి, కళ్లు

ప్రశ్న: విల్లా కాథర్ నవల ‘మై ఆంటోనియా’ (1918) మీద ఎం.ఏ. పేపర్ రాస్తున్నాను. అమెరికాలోని నెబ్రాస్కా బీడు భూముల్లో ఎదిగే పిల్లల కథ. ఉపమలు, రూపకాలు అన్నీ ఏరి రాస్తే, ‘ఇది జాబితా, వాదన ఏదీ?’ అని గైడ్ వెనక్కిచ్చారు. ఎక్కడ సరిచేయాలి?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: నోట్‌బుక్‌లో ఐదు గడులు గీయండి: పేజీ, ఉపమేయం (దేన్ని పోల్చారు), ఉపమానం (దేనితో పోల్చారు), సమానధర్మం (రెండింటికీ ఉన్న పోలిక ఏది), ఆ పోలిక ఎవరి బుర్రలోది. పేపరంతా ఆ ఐదో గడిలోనే ఉంది. నవలలో కథ చెప్పేది జిమ్. వర్జీనియా నుంచి నెబ్రాస్కాకు వచ్చినప్పుడు అతనికి పదేళ్లు. కథ చెబుతున్న జిమ్ మాత్రం రైల్వే లాయరు. అందుకని ప్రతి పోలికకూ ఇద్దరు హక్కుదారులుంటారు. ఎక్కడ పిల్లాడు మాట్లాడుతున్నాడో, ఎక్కడ పెద్దాయన వాడి నోట్లో మాట పెడుతున్నాడో విడదీస్తే వాదన దానంతటదే వస్తుంది.

సమానధర్మం దగ్గరా తొందరపడొద్దు. గడ్డిని సముద్రంతో పోల్చగానే అందరూ ‘విశాలత్వం’ అని రాసేస్తారు. ఈ నవలలో గడ్డి పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. నేల మొత్తం పరుగెడుతున్నట్టు కదులుతుంది. పిల్లాణ్ణి పట్టేసింది ఆ కదలికే.

ఇక నాగలి. పొలంలో వదిలేసిన నాగలి వెనక సూర్యుడు దిగుతాడు. ఎర్రటి బింబం మధ్య మేడి, కర్రు నల్లగా, ఉన్నదానికంటే ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తాయి. బింబం జారగానే నాగలి మళ్లీ చిన్నదైపోతుంది. ‘నాగలి అంటే వలసరైతుల శ్రమ’ అని అక్కడితో ఆపితే సగమే చదివినట్టు. అది చిన్నదవడం కూడా రాయాలి. జిమ్ చదువుకని ఊరు వదలబోయే వేసవిలో వచ్చే దృశ్యం ఇది.

ప్రశ్న: అదే నవలను తెలుగు చేస్తున్నాను. అందులో ఆంటోనియా వచ్చీరాని ఇంగ్లిష్‌ను తెలంగాణ యాసలోకి మార్చి చూశాను. ఎక్కడో తేడా కొడుతోంది.
– ఒక అనువాదకుడు, మెహదీపట్నం

జవాబు: కొట్టక మానదు. యాసలో మాట్లాడేవాళ్లకు భాష నిండుగా వచ్చు. ఆంటోనియా బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) నుంచి అప్పుడే దిగిన పిల్ల, ఆమెకు భాషే రాదు. కొత్తగా తెలుగు నేర్చుకునేవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, వినండి. ‘అన్న వచ్చింది’, ‘నేను పోతాడు’ – తడబాటు క్రియ చివర్లో. ఆ తప్పులు తీసుకోండి, డైలాగుకు ఒకటి చొప్పున. రెండైతే పాఠకుడు నవ్వుతాడు, పాత్ర పోతుంది.

మొదట్లో జిమ్ ఆమెకు ‘కళ్లు’ అనే మాట నేర్పుతాడు. ఇంగ్లిష్‌లో ‘ఐజ్’ (eyes) అనాల్సింది, ఆమె నోట ‘ఐస్’ (ice, మంచుగడ్డ)లా వినిపిస్తుంది. ‘కల్లు’ అని పెట్టాలని చేయి లాగుతుంది, నిజమే. కానీ పెట్టారంటే నెబ్రాస్కాలో ఈతచెట్లు మొలుస్తాయి. ‘కలు’ అని వదిలేయండి.

పట్నంలో పనికి కుదిరాక తప్పులు తగ్గించండి. అయితే పూర్తిగా చెరిపేయకండి. చివరి భాగంలో, ఏళ్ల తర్వాత, ఇంట్లో అందరూ బొహీమియన్ భాషే మాట్లాడటంతో తన ఇంగ్లిష్ మరిచిపోయానని ఆమే అంటుంది. చిన్నపిల్లలకు బడికెళ్లేదాకా ఇంగ్లిష్ రాదు. అక్కడ రెండు మూడు పాత తప్పులు తిరిగి రావాలి. మొదట్లో ఏవి వాడారో రాసి పెట్టుకోండి, అవే కావాలి.