పాత మోపెడ్‌కు లాగుడు పెంచడం ఎలా?

ప్రశ్న: మా దగ్గర పాత టూ స్ట్రోక్ టీవీఎస్ ఎక్స్‌ఎల్ సూపర్ ఉంది. బస్తాలు వేసి ఎత్తు ఎక్కిస్తే మొరాయిస్తోంది. ఎగ్జాస్ట్ పోర్టును (సిలిండర్‌లోంచి పొగ బయటికి పోయే రంధ్రాన్ని) పైకి గీకి, సైలెన్సర్ లోపలి గొట్టం తీసేస్తే పికప్ పెరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. చేయించవచ్చా?
— ఒక రైతు, నంద్యాల జిల్లా

జవాబు: ఆ రెండూ చేయించవద్దు. ఈ ఇంజన్‌లో పొగ బయటికి పోయే దారికి వాల్వు ఉండదు. పిస్టనే కిందికీ పైకీ కదులుతూ సిలిండర్ గోడలోని పోర్టులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. ఎగ్జాస్ట్ పోర్టు పైఅంచును ఒక్క మిల్లీమీటరు పైకి జరిపినా, మండిన వాయువు తన బలమంతా పిస్టన్‌కు ఇవ్వకముందే బయటికి పోతుంది. ఇంజన్ బాగా వేగంగా తిరిగేటప్పుడు దానివల్ల లాభం ఉంటుంది కానీ, నెమ్మదిగా తిరిగేటప్పుడు లాగుడు తగ్గిపోతుంది. రేసు బండికైతే గేర్లు మార్చి ఇంజన్‌ను ఆ వేగంలోనే ఉంచవచ్చు. గేర్లే లేని మీ 70 సీసీ బండి బస్తాలతో ఎత్తు ఎక్కేటప్పుడు ఆ వేగాన్ని అందుకోనే లేదు. పైగా, గీకిన అంచును నునుపు చేయకపోతే పిస్టన్ రింగు దానికి తగిలి విరుగుతుంది.

సైలెన్సర్ సంగతీ అంతే. అందులోంచి వెనక్కి వచ్చే పీడన తరంగం, పోర్టులోంచి జారిపోబోయే తాజా పెట్రోలు మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి నెడుతుంది. లోపలి గొట్టం తీసేస్తే మోత పెరుగుతుంది, పెట్రోలు వృథా అవుతుంది.

ఇంతకాలం తిరిగిన బండిలో లాగుడు తగ్గడానికి నేను మొదట అనుమానించేది మసినే. సైలెన్సర్ విప్పించి, పిస్టన్‌ను పూర్తిగా కిందికి దింపించి, టార్చి వేసి పోర్టులోకి చూడండి. నల్లగా గడ్డకట్టిన మసి దారిని సగం మూసేసిన బండ్లు చాలా ఉంటాయి. దాన్ని చెక్కముక్కతోనే గీకించాలి, స్క్రూడ్రైవర్‌తో గీకితే పిస్టన్‌పై గీతలు పడతాయి. సైలెన్సర్ గొట్టాన్నీ శుభ్రం చేయించండి. పెట్రోలులో కలిపే 2టీ (టూ స్ట్రోక్) ఆయిల్‌ను లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి పోయండి. ఎక్కువైతే మసి, తక్కువైతే ఇంజన్ పట్టేయడం ఖాయం.

శుభ్రం చేశాక కూడా, ఇంజన్ గట్టిగా అరుస్తున్నా బండి కదలకపోతే ఇంజన్ బలాన్ని చక్రానికి అందించే క్లచ్ షూలు అరిగినట్టే, వాటిని మార్పించండి. అవీ బాగానే ఉండి ఇంకా లాగుడు కావాలంటే, వెనుక చక్రానికి కాస్త ఎక్కువ పళ్ళున్న స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ళచక్రం) వేయించండి. పళ్ళు పదో వంతు పెరిగితే చక్రం దగ్గర బలం అంతే పెరుగుతుంది, గరిష్ఠ వేగం దాదాపు ఆ మేరకు తగ్గుతుంది. చైనుకు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు.