ఐపీ పెడితే అందరికీ తెలుస్తుందా?

ప్రశ్న: గుంటూరులో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. క్రెడిట్ కార్డులు, పర్సనల్ లోన్ కలిపి 7 లక్షలు, ప్రామిసరీ నోట్ల మీద బంధువుల దగ్గర 4 లక్షలు అప్పుంది. బ్యాంకులతో సెటిల్‌మెంట్ చేసుకోమని కొందరు, ఐపీ (దివాలా పిటిషన్) పెట్టమని కొందరు అంటున్నారు. చెల్లెలికి సంబంధాలు చూస్తున్నాం. ఏది చేస్తే బయటికి పొక్కదు?

జవాబు: పరువు గురించి మీరు పడే బాధ చిన్నదేమీ కాదు. అందుకే సూటిగా చెబుతున్నాను. సెటిల్‌మెంట్ గుట్టుగా జరుగుతుంది, ఐపీ జరగదు.

ఐపీ అంటే 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో వేసే కేసు. అప్పిచ్చిన ప్రతి ఒక్కరి పేరు, చిరునామా, బాకీ పిటిషన్‌లో రాయాలి. బ్యాంకులను చూపించి మేనమామను వదిలేస్తానంటే కుదరదు. వాళ్లందరికీ నోటీసులు వెళ్తాయి. అందని వారి కోసం పత్రికలో ప్రకటన వేయడమూ మామూలే. కోర్టు దివాలా ప్రకటిస్తే మీ పేరు, చిరునామా ప్రభుత్వ గెజిట్‌లో అచ్చవుతాయి. ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో పేరు, సంవత్సరం కొడితే కేసు ఎవరికైనా కనిపిస్తుంది, పెళ్లివారికి కూడా.

సెటిల్‌మెంట్ అంటే బాకీలో కొంత కట్టి అప్పు ముగించుకునేందుకు మీకూ బ్యాంకుకూ మధ్య ఒప్పందం. గెజిట్, కోర్టు ఏవీ ఉండవు. అయితే సిబిల్ వంటి క్రెడిట్ సంస్థల రికార్డులో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. కొత్త అప్పు దొరకడం కష్టమవుతుంది. కానీ ఆ రిపోర్టు ఇరుగుపొరుగు చూడగలిగేది కాదు. ఏ బ్యాంకు ఎప్పుడు చూసిందో కూడా అందులో నమోదవుతుంది. ఏడాదికోసారి ఉచితంగా తెప్పించుకుని చూసుకోండి. సెటిల్‌మెంట్ లెటర్ చేతికి రాకుండా రూపాయి కూడా కట్టకండి. వసూలు ఏజెంటు నోటిమాట చెల్లదు.

ఈలోగా ఏజెంట్లు మీ ఆఫీసుకో బంధువులకో చెబుతామని బెదిరిస్తే భయపడవద్దు. అలా పరువు తీయడాన్ని రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకోవు. ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లండి.

నన్నడిగితే మీ గుట్టుకు అసలు ముప్పు బ్యాంకుల కన్నా నోట్ల వైపు నుంచే ఎక్కువ. ప్రామిసరీ నోటు మీద దావా వేయడానికి మూడేళ్లే గడువు. అది దాటిపోతుందన్న భయంతో ఒక్కరు దావా వేసినా అదీ ఈ-కోర్ట్స్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి గడువు దగ్గరపడిన నోటు ఎవరిదో చూసి, ముందు వారింటికి వెళ్లండి. ఉన్న పరిస్థితి దాచకుండా చెప్పండి. ఎంతో కొంత కట్టి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెట్టండి. ఆ తేదీ నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క కాబట్టి, కోర్టుకు పరుగెత్తాల్సిన తొందర వారికి ఉండదు.